ఎండీనా, డీఎన్‌బీనా, డిప్లొమానా: పీజీ సీటు ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

ఎంబీబీఎస్ తరవాత పీజీ సీటు కోసం రాసే నీట్ పీజీ ర్యాంకు చేతికొచ్చాక ఆప్షన్లు పెట్టుకోవడానికి దొరికేది కొద్ది రోజులే. ఆ జాబితాలో ఒకే బ్రాంచికి ప్రభుత్వ కాలేజీ ఎండీ, డీమ్డ్ యూనివర్సిటీ ఎండీ, కార్పొరేట్ ఆస్పత్రి డీఎన్‌బీ, జిల్లా ఆస్పత్రి డిప్లొమా పక్కపక్కనే కనిపిస్తాయి. 'ఎండీ అయితే ఎండీయే' అని సీనియర్లు, 'ఊరికి దగ్గర్లో చూసుకో' అని ఇంట్లోవాళ్లు, 'ఈసారి మానేసి మళ్లీ రాయి' అని కోచింగ్ వాళ్లు చెబుతారు. వీటిలో దేనికీ మీ ర్యాంకుతో, మీ అవసరంతో పని లేదు. మూడేళ్ల తరవాత మీరు ఒంటరిగా ఒక రోగి ముందు నిలబడతారు. ఆ రోజు ఏం చేయగలరన్నదాన్ని బట్టి సీటును కొలవాలి. పట్టా మీద ఏ అక్షరాలున్నాయన్నది ఆ తరవాతి లెక్క.

మన దేశంలో స్పెషలిస్టు పట్టా మూడు చోట్ల నుంచి వస్తుంది. మెడికల్ కాలేజీల్లో చదివినవాళ్లకు ఆరోగ్య విశ్వవిద్యాలయాలు, డీమ్డ్ యూనివర్సిటీలు ఎండీ, సర్జరీ తరహా బ్రాంచీలకు ఎంఎస్ ఇస్తాయి. ఈ చదువుల మీద అజమాయిషీ నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ)ది. పాత మెడికల్ కౌన్సిల్ స్థానంలో 2020 సెప్టెంబరులో వచ్చిన సంస్థ ఇది. పీజీ వ్యవహారాలకు అందులో ప్రత్యేక బోర్డు ఉంది. ఇక ఆస్పత్రుల్లో చేసే డీఎన్‌బీ (డిప్లొమేట్ ఆఫ్ నేషనల్ బోర్డ్), దాని పై మెట్టు సూపర్ స్పెషాలిటీకి డీఆర్‌ఎన్‌బీ, రెండేళ్ల డిప్లొమాలు ఇచ్చేది ఎన్‌బీఈఎంఎస్ (నేషనల్ బోర్డ్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ ఇన్ మెడికల్ సైన్సెస్). 1975లో మొదలై, 1982 నుంచి స్వతంత్ర సంస్థగా నడుస్తున్న ఈ బోర్డు ఆస్పత్రులను స్పెషాలిటీలవారీగా గుర్తించి, పరీక్ష తానే పెడుతుంది. మూడోది ఎయిమ్స్‌లు, పుదుచ్చేరి జిప్‌మర్, చండీగఢ్ పీజీఐ, బెంగళూరు నిమ్‌హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర లాంటి జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థలు. ఇవి సొంతంగా పట్టాలిస్తాయి. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు కూడా ఈ కోవలోవే.

ముందుగా చూసుకోవలసినవి

మొట్టమొదట రిజిస్ట్రేషన్. చదువయ్యాక రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో ఆ పట్టాను అదనపు అర్హతగా నమోదు చేయించుకుంటేనే మిమ్మల్ని ఆ రంగంలో స్పెషలిస్టు అనవచ్చు. పైన చెప్పిన మూడు దారుల్లో వచ్చే పట్టాలకు ఈ ఇబ్బంది లేదు. ఒకప్పుడు కొత్త సీట్లకు 'అనుమతి' ఉండేది, 'గుర్తింపు' మాత్రం మొదటి బ్యాచ్ పరీక్ష రాశాకే వచ్చేది. ఆ మధ్యలో ఇరుక్కున్నవాళ్లు రిజిస్ట్రేషన్ కోసం ఏళ్ల తరబడి తిరిగారు. 2023 పీజీ నిబంధనల ప్రకారం కోర్సుకు అనుమతి వస్తే చాలు, విద్యార్థుల పట్టా నమోదుకు గుర్తింపు ఉన్నట్టే. కాబట్టి కొత్త కాలేజీ అంటే ఆ కారణంగా భయపడక్కర్లేదు. భయపడాల్సింది వేరే వాటికి. ప్రైవేటు ఆస్పత్రులు సొంతంగా ఇచ్చే ఏడాది ఫెలోషిప్పులు, విదేశీ యూనివర్సిటీల పేరుతో ఆన్‌లైన్‌లో వచ్చే డిప్లొమాలు ఎంబీబీఎస్ తరవాత ఎన్ని చేసినా మిమ్మల్ని స్పెషలిస్టును చేయవు. వాటిలో నేర్చుకునేది ఉంటే ఉండవచ్చు. రేపు స్కాన్ సెంటర్ పెట్టాలన్నా, ప్రభుత్వ స్పెషలిస్టు పోస్టుకు దరఖాస్తు చేయాలన్నా ఆ కాగితం పనికిరాదు.

రెండోది చేతికి దొరికే పని. అసలైన తేడా ఇక్కడే ఉంది, దీన్నే ఎక్కువమంది అడగకుండా వదిలేస్తారు. ప్రతి రెసిడెంటుకూ, అంటే ఆస్పత్రిలో పనిచేస్తూ చదివే పీజీకి, లాగ్‌బుక్ ఉంటుంది. అందులో చేసిన ప్రతి ప్రొసీజర్ ఎదురుగా ఒక గుర్తు పెడతారు: చూశారు, సాయం చేశారు, పర్యవేక్షణలో చేశారు, సొంతంగా చేశారు. మీరు చేరాలనుకుంటున్న డిపార్ట్‌మెంటులో రెండో ఏడాది చివర్లో ఉన్నవాళ్ల లాగ్‌బుక్ ఒక్క పది నిమిషాలు తిరగేయండి. జనరల్ సర్జరీలో హెర్నియా, అపెండిక్స్ ఎదురుగా ఏ గుర్తు ఎక్కువుంది? గైనకాలజీలో సిజేరియన్‌కు ఏముంది? అనస్థీషియాలో మొదటి ఆరు నెలల్లోనే స్పైనల్, ఇంట్యుబేషన్ సొంతంగా మొదలయ్యాయా? రేడియాలజీలో సీటీ రిపోర్టు మొదట రెసిడెంటు రాసి, కన్సల్టెంటు దిద్దుతున్నారా, లేక కన్సల్టెంటు చెబుతుంటే రెసిడెంటు టైపు చేస్తున్నారా? పేజీల నిండా 'సాయం చేశారు' అనే ఉంటే అక్కడ ఎన్ని వేల ఆపరేషన్లు జరిగినా మీ చేతికి రానట్టే లెక్క. అన్ని ఎంట్రీలూ ఒకే సిరాతో, ఒకే రోజు రాసినట్టు కనబడితే అది కూడా ఆ డిపార్ట్‌మెంటు గురించి ఒక సమాచారమే.

మూడోది చివరి పరీక్ష ఎక్కడ, ఎవరి ముందు అన్నది. నాలుగోది డబ్బు: ఫీజు, స్టైపెండ్, బాండ్. ఈ మూడూ కలిపి చూడాలి; విడివిడిగా చూస్తే మోసపోతారు. అయిదోది తరవాతి మెట్టు. బోధనలోకి వెళ్తారా, సూపర్ స్పెషాలిటీ చేస్తారా, సొంత ఊళ్లో నర్సింగ్ హోం పెడతారా? ఈ ప్రశ్నకు మీ జవాబును బట్టి ముందు నాలుగింటి ప్రాధాన్యం మారిపోతుంది.

ప్రభుత్వ కాలేజీ ఎండీ, ఎంఎస్

ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్, గుంటూరు, కర్నూలు, వరంగల్ ఎంజీఎం లాంటి చోట్ల రోగులకు కొదవ ఉండదు. అర్ధరాత్రి క్యాజువాల్టీలో నిలబడితే పుస్తకంలోని సగం అధ్యాయాలు అక్కడే ఎదురవుతాయి. విషం తాగినవాళ్లు, పాము కాటు, ముదిరాక వచ్చిన టీబీ, ఎక్కడా చూపించుకోకుండా నేరుగా ప్రసవానికి వచ్చిన గర్భిణులు ఉంటారు. సీనియర్ల మీదా పని భారం ఉంటుంది కాబట్టి జూనియర్‌కు కత్తి త్వరగా అందుతుంది. సర్జరీ, గైనిక్, ఆర్థో, అనస్థీషియా, జనరల్ మెడిసిన్‌లకు ఈ అనుభవానికి సాటి లేదు.

కొరతలూ అక్కడే ఉన్నాయి. ఎమ్మారై కోసం రోగి రోజుల తరబడి ఎదురు చూస్తాడు. ఆధునిక లాప్రోస్కోపీ, ఇంటర్వెన్షన్ పరికరాలు ఒక కాలేజీలో ఉంటే మరో కాలేజీలో ఉండవు. రక్తం తేవడం, స్ట్రెచర్ తోయడం, రిపోర్టుల వెంట తిరగడం లాంటి పనులన్నీ మొదటి ఏడాది పీజీ నెత్తిన పడతాయి. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ స్కీము వారానికి 48 గంటల పని అంటుంది. 2024లో ఎన్‌ఎంసీ నియమించిన టాస్క్‌ఫోర్స్ 74 గంటలు మించకూడదని సూచించింది. చాలా క్లినికల్ బ్రాంచీల్లో మొదటి ఏడాది ఈ రెండు అంకెలూ దాటిపోతాయి. 2023 నిబంధనలు వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవు ఇవ్వాలన్నాయి. అది అమలవుతోందా లేదా అన్నది యూనిట్ చీఫ్‌ను బట్టి ఉంటుంది కాబట్టి కాలేజీ పేరుతో పాటు యూనిట్ గురించి కూడా అడగండి.

2021 బ్యాచ్ నుంచి మరో మార్పు వచ్చింది. మూడు, నాలుగు, అయిదు సెమిస్టర్లలో ఏదో ఒక సమయంలో మూడు నెలలు జిల్లా ఆస్పత్రిలో పనిచేయాలి. దీన్ని శిక్షగా చూసేవాళ్లున్నారు. నిజానికి పెద్ద ఆస్పత్రిలో అయిదుగురు సీనియర్ల వెనక నిలబడే రెసిడెంటుకు నిర్ణయం తన మీదే పడటం అంటే ఏమిటో మొదటిసారి తెలిసేది అక్కడే.

పరీక్ష రాయాలంటే 80 శాతం హాజరు, పరిశోధన పద్ధతులు, నైతిక విలువలు, గుండె ఆగినప్పుడు ప్రాణం నిలిపే నైపుణ్యాల కోర్సులు పూర్తి చేసి ఉండాలి. థీసిస్ పరీక్షకు ఆరు నెలల ముందే సమర్పించాలి. థీసిస్ ఆలస్యమైతే పరీక్ష ఆలస్యం, పరీక్ష ఆలస్యమైతే పట్టా తరవాత చేసే సీనియర్ రెసిడెన్సీ ఉద్యోగం ఆలస్యం. గైడ్ బదిలీ అయి అంశం మధ్యలో ఆగిపోవడం ప్రభుత్వ కాలేజీల్లో తరచూ జరిగేదే. కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి మొదటి ఏడాదిలోనే తెచ్చుకోండి, కో-గైడ్‌ను పెట్టుకోండి.

చివరి పరీక్షలో థియరీ నాలుగు పేపర్లు. ప్రతి దానిలో 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. ప్రాక్టికల్స్ ఎక్కువగా సొంత కాలేజీలోనే జరుగుతాయి. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్లతో పాటు మనల్ని మూడేళ్లుగా చూసినవాళ్లూ ఉంటారు. ఆ ధైర్యం చిన్నదేమీ కాదు.

ప్రైవేటు, డీమ్డ్ కాలేజీలు

ఇక్కడ రెండు రకాల సీట్లను వేరు చేసి చూడాలి. తెలుగు రాష్ట్రాల్లో ప్రైవేటు కాలేజీల్లో సుమారు సగం సీట్లు కన్వీనర్ కోటా కింద రాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయం నింపుతుంది. ఆ విశ్వవిద్యాలయం అంటే ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ. మిగతా సీట్లు మేనేజ్‌మెంట్, ఎన్నారై కోటాలవి. ఒకే గదిలో కూర్చునే ఇద్దరి ఫీజుల్లో లక్షల తేడా ఉంటుంది. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీల్లో రేడియాలజీ, డెర్మటాలజీలకు మూడేళ్ల ఫీజు కోటి రూపాయలు దాటుతుంది. దాని మీద హాస్టలు, మెస్సు, 'ఇతరాలు' ఉంటాయి. సీటు మ్యాట్రిక్స్‌లోనే (కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్ల జాబితా) ఫీజు చూపించాలని 2023 నిబంధనలు చెబుతున్నాయి. అందులో లేని మొత్తం ఎవరైనా అడిగితే రాతపూర్వకంగా ఇమ్మనండి.

స్టైపెండ్ గురించి పీజీలను నేరుగా అడగాలి. 2023లో ఎన్‌ఎంసీ పీజీల నుంచి ఆన్‌లైన్‌లో సమాచారం సేకరిస్తే, తమకు స్టైపెండే ఇవ్వడం లేదన్నవాళ్లు రెండు వేల మందికి పైగా తేలారు. ఖాతాలో వేసి, తరవాత నగదుగా వెనక్కి తీసుకునే కాలేజీలూ ఉన్నాయి. కాబట్టి 'స్టైపెండ్ ఇస్తారా' అని అడిగితే చాలదు. 'నెలాఖరుకు మీ ఖాతాలో ఎంత మిగులుతుంది' అని అడగండి.

రోగుల సంఖ్య కాలేజీని బట్టి మారిపోతుంది. ఆరోగ్యశ్రీ కేసులు బాగా వచ్చే ప్రైవేటు కాలేజీలో సర్జరీ, ఆర్థో రెసిడెంటుకు ప్రభుత్వ కాలేజీకి దీటైన పని దొరుకుతుంది. తనిఖీ రోజున మాత్రమే వార్డు నిండే కాలేజీలో మూడేళ్లు గడిపితే ఆ లోటు తరవాత పూడ్చుకోవడం చాలా కష్టం. ఏదో ఒక మామూలు మంగళవారం, చెప్పకుండా వెళ్లి పది గంటలకు ఓపీ, పన్నెండుకు వార్డు, రాత్రి తొమ్మిదికి క్యాజువాల్టీ చూసి రండి. ఖాళీ మంచాలకు దుప్పట్లు నలగకుండా ఉంటే మీకు జవాబు దొరికినట్టే.

డీఎన్‌బీ

డీఎన్‌బీ తక్కువ అనే మాట ఇప్పటికీ వినబడుతుంది. చట్టం అలా అనడం లేదు. 2019 ఎన్‌ఎంసీ చట్టం షెడ్యూలులో ఇది స్పష్టంగా ఉంది: 500 లేదా అంతకు మించి పడకలున్న ఆస్పత్రిలో చేసిన డీఎన్‌బీ అన్ని విధాలా ఎండీ, ఎంఎస్‌లతో సమానం. అంతకంటే చిన్న ఆస్పత్రిలో చేస్తే బోధన కోసం మాత్రమే మెడికల్ కాలేజీలో అదనంగా ఒక ఏడాది సీనియర్ రెసిడెన్సీ చేయాలి. వైద్యం చేయడానికి, సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్‌ఎస్ రాయడానికి, ప్రభుత్వ స్పెషలిస్టు ఉద్యోగానికి ఈ తేడా అడ్డు రాదు. అధ్యాపకుల అర్హతల నిబంధనలు 2022లో, మళ్లీ 2025లో మారాయి కాబట్టి బోధన మీద మనసున్నవాళ్లు తాజా గెజిట్ చదువుకోవాలి.

డీఎన్‌బీకి అసలు బలం కన్సల్టెంటుతో సాన్నిహిత్యం. ఒక్కో స్పెషాలిటీకి ఏడాదికి కొద్ది సీట్లే ఉంటాయి. రౌండ్స్‌లో మీ పక్కన పదిహేను మంది ఉండరు. రోగికి రాసిన టెస్టులన్నీ అదే రోజు అవుతాయి, కాబట్టి రోగికి ఏమైందో మీకు కాగితం మీద కాకుండా కళ్ల ముందే తెలుస్తుంది. రేడియాలజీ, ఎమర్జెన్సీ మెడిసిన్‌లలో మంచి కార్పొరేట్ ఆస్పత్రి డీఎన్‌బీ చాలా ప్రభుత్వ కాలేజీల కంటే మెరుగైన శిక్షణ ఇస్తుంది. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాలి.

బలహీనతా అంతే స్పష్టంగా ఉంది. డబ్బు కట్టి ఫలానా సర్జన్ దగ్గరికి వచ్చిన రోగి ఆ సర్జనే ఆపరేషన్ చేయాలనుకుంటాడు. అది అతని హక్కు. కాబట్టి సర్జికల్ బ్రాంచిలో డీఎన్‌బీ రెసిడెంటు కోతను తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకునే రోజులు ఎక్కువ. ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ వార్డో, ట్రస్టు పడకలో ఉంటే ఈ లెక్క మారుతుంది. అందుకే డీఎన్‌బీ సర్జరీ, ఆర్థో, గైనిక్ ఎంచుకునేటప్పుడు ఆస్పత్రి పేరు కంటే ఆ పడకల సంఖ్య అడగాలి. మరో చిక్కు: ఏడాదికి ఇద్దరే రెసిడెంట్లున్న చోట ఒకరు సెలవు పెడితే రెండోవారికి రోజు విడిచి రోజు నైట్ డ్యూటీ. 

ఏటా చెల్లించే కోర్సు ఫీజుకు ఎన్‌బీఈఎంఎస్ పరిమితి సుమారు 1,25,000 రూపాయలు. మొదటి ఏడాది కనీస స్టైపెండ్ 35,000, రెండో ఏడాది 37,000, మూడో ఏడాది 39,000. కొన్ని ఆస్పత్రులు ఇంతకు మించే ఇస్తాయి. మేనేజ్‌మెంట్ కోటా అనే మాటే లేకపోవడం మధ్యతరగతి ఇంటికి పెద్ద ఊరట.

పరీక్ష దగ్గర జాగ్రత్త అవసరం. థియరీ నాలుగు పేపర్లు, ఒక్కోటి వంద మార్కులకు, పది ప్రశ్నలు. థియరీ గట్టెక్కితేనే ప్రాక్టికల్‌కు పిలుపు. ప్రాక్టికల్ వేరే ఆస్పత్రిలో, మీ ముఖం ఎప్పుడూ చూడని ఎగ్జామినర్ల ముందు జరుగుతుంది. రోగులూ కొత్తే, వాళ్ల భాష కూడా మీకు రాకపోవచ్చు. సాధారణంగా జూన్, డిసెంబరు సెషన్లు కాబట్టి తప్పితే ఆరు నెలలు పోతాయి. ఎక్కువమంది తప్పేది తెలివి తక్కువై కాదు. కేసు ప్రెజెంట్ చేయడం, లాంగ్ కేసు (ఒక రోగిని పూర్తిగా పరీక్షించి వివరించడం) రాయడం ఎవరూ నేర్పకపోవడం వల్ల. వారం వారం కేస్ ప్రెజెంటేషన్లు జరిగే ఆస్పత్రిని ఎంచుకోండి. అలా లేకపోతే రెండో ఏడాది నుంచి దగ్గర్లోని మెడికల్ కాలేజీ క్లినిక్‌లకు వెళ్లే ఏర్పాటు మీరే చేసుకోవాలి.

జాతీయ సంస్థలు

ఈ సంస్థల ప్రవేశ పరీక్ష ఐఎన్‌ఐసెట్ ఏడాదికి రెండుసార్లు, జనవరి, జులై బ్యాచ్‌ల కోసం జరుగుతుంది. ఫీజు నామమాత్రం. ఎయిమ్స్ జూనియర్ రెసిడెంటు మూల వేతనం ఏడో వేతన సంఘం లెవెల్ 10 ప్రకారం 56,100, దాని మీద అలవెన్సులు. పరిశోధన చేయాలనుకునేవాళ్లకు, సూపర్ స్పెషాలిటీ లక్ష్యం ఉన్నవాళ్లకు ఢిల్లీ ఎయిమ్స్, పీజీఐ, జిప్‌మర్ వాతావరణమే వేరు. అయితే అరుదైన జబ్బులు విరివిగా చూస్తూ, మామూలు కేసు అలవాటు కాకుండా బయటికి వచ్చే అవకాశం కూడా ఉంది. కొత్త ఎయిమ్స్‌లను ఢిల్లీ పేరుతో కొలవకండి. కొన్ని డిపార్ట్‌మెంట్లు ఇంకా కుదురుకుంటున్నాయి. ఫలానా డిపార్ట్‌మెంటులో ఎంతమంది ఫ్యాకల్టీ ఉన్నారు, ఆపరేషన్ థియేటర్లు ఎన్ని నడుస్తున్నాయి అన్నది అడిగాకే పెద్ద ప్రభుత్వ కాలేజీ సీటు వదులుకోవాలి.

రెండేళ్ల డిప్లొమా

పాత కాలేజీ డిప్లొమా సీట్లు చాలావరకు డిగ్రీ సీట్లుగా మారిపోయాక, 2020లో ఎన్‌బీఈఎంఎస్ తన డిప్లొమాలు మొదలుపెట్టింది. అనస్థీషియా, గైనకాలజీ, పిల్లల వైద్యం, ఫ్యామిలీ మెడిసిన్, కంటి వైద్యం, ఈఎన్‌టీ, రేడియాలజీ, క్షయ-ఛాతీ వ్యాధులు, మొదట్లో ఎనిమిది. వీటి ఉద్దేశం జిల్లా, ఏరియా ఆస్పత్రుల్లో పనిచేసే స్పెషలిస్టులను తయారు చేయడం. ఆ పనికి ఇది సరిపోయే చదువే. పరిమితి ఏమిటంటే డిప్లొమాతో నీట్ ఎస్‌ఎస్ రాయలేరు. కావాలంటే అదే స్పెషాలిటీలో పోస్ట్ డిప్లొమా పరీక్ష రాసి, రెండేళ్ల సెకండరీ డీఎన్‌బీ చేయాలి. అంటే రెండు, రెండు కలిసి నాలుగేళ్లు. నేరుగా చేస్తే మూడేళ్లే. 'ముందు డిప్లొమాలో చేరి, తరవాత చూద్దాం' అనుకునేవాళ్లు ఈ ఒక్క ఏడాదిని, మధ్యలో రాయాల్సిన మరో పరీక్షను లెక్కలో వేసుకోవాలి.

| | ప్రభుత్వ ఎండీ, ఎంఎస్ | ప్రైవేటు, డీమ్డ్ | డీఎన్‌బీ | జాతీయ సంస్థలు | డిప్లొమా |
|---|---|---|---|---|---|
| ప్రవేశం | నీట్ పీజీ | నీట్ పీజీ | నీట్ పీజీ | ఐఎన్‌ఐసెట్ | నీట్ పీజీ |
| కాలం | 3 ఏళ్లు | 3 ఏళ్లు | 3 ఏళ్లు | 3 ఏళ్లు | 2 ఏళ్లు |
| ఫీజు | తక్కువ | కోటాను బట్టి చాలా తేడా | మధ్యస్థం, పరిమితి ఉంది | నామమాత్రం | రెండేళ్లకే ఫీజు |
| చేతి పని | ఎక్కువ | కాలేజీని బట్టి | సర్జికల్‌లో తక్కువ కావచ్చు | డిపార్ట్‌మెంటును బట్టి | మామూలు కేసులు ఎక్కువ |
| ప్రాక్టికల్ పరీక్ష | ఎక్కువగా సొంత కాలేజీలో | ఎక్కువగా సొంత కాలేజీలో | వేరే ఆస్పత్రిలో | సంస్థలోనే | బోర్డు ఏర్పాటు చేసిన చోట |
| సూపర్ స్పెషాలిటీ | అర్హత ఉంది | అర్హత ఉంది | అర్హత ఉంది | అర్హత ఉంది | నేరుగా లేదు |

ఎవరికి ఏది

సర్జరీ, ఆర్థో, గైనిక్ కావాలనుకునేవాళ్లు పెద్ద ప్రభుత్వ కాలేజీకే మొదటి స్థానం ఇవ్వాలి. అది అందకపోతే ఆరోగ్యశ్రీ కేసులు బాగా ఉన్న ప్రైవేటు కాలేజీ కన్వీనర్ సీటు, తరవాత ట్రస్టు పడకలున్న డీఎన్‌బీ. ఖరీదైన మేనేజ్‌మెంట్ సీటు ఈ బ్రాంచీల్లో చివరికి పెట్టండి. అప్పు తీర్చడానికే తొలి పదేళ్లు పోతాయి. ఆ ఒత్తిడిలో ఉన్న సర్జన్ అవసరం లేని ఆపరేషన్ వైపు మొగ్గే ప్రమాదం ఉంది. ఇది రోగికీ ప్రమాదమే.

రేడియాలజీ, అనస్థీషియా, క్రిటికల్ కేర్ వైపు వెళ్లేవాళ్లకు మంచి డీఎన్‌బీ, సాధారణ స్థాయి ప్రైవేటు ఎండీ మధ్య ఎంపిక వస్తే డీఎన్‌బీయే మేలు. అక్కడి యంత్రాలు, కేసుల వైవిధ్యం, ఫీజు మూడూ దాని పక్షానే ఉంటాయి.

బోధనే జీవితం అనుకునేవాళ్లు మెడికల్ కాలేజీ ఎండీ, ఎంఎస్ చేస్తే దారి సూటిగా ఉంటుంది: మూడేళ్లు, ఆపైన ఏడాది సీనియర్ రెసిడెన్సీ, తరవాత అసిస్టెంట్ ప్రొఫెసర్. డీఎన్‌బీ అయితే 500 పడకల ఆస్పత్రిని చూసుకుంటే ఆ అదనపు ఏడాది మిగులుతుంది.

న్యూరో సర్జరీ, ప్లాస్టిక్ సర్జరీ, గుండె ఆపరేషన్లు, పిల్లల సర్జరీ అని ముందే తేల్చుకున్నవాళ్లకు ఎంబీబీఎస్ తరవాత నేరుగా ఆరేళ్ల డీఆర్‌ఎన్‌బీ ఉంది. మూడు ప్లస్ మూడు ఆరే కదా, తేడా ఏమిటి అనిపిస్తుంది. మధ్యలో నీట్ ఎస్‌ఎస్ రాయక్కర్లేదు, ఆ పోటీ, ఆ ఖాళీ నెలలు తప్పుతాయి. కానీ మూడో ఏడాదిలో మనసు మారితే చేతిలో జనరల్ సర్జరీ పట్టా ఉండదు. ఆ ధైర్యం ఉంటేనే తీసుకోండి.

ప్రభుత్వ సర్వీసులో ఉన్న వైద్యాధికారులకు ఇన్-సర్వీస్ కోటా, జిల్లా ఆస్పత్రుల్లోని డీఎన్‌బీ, డిప్లొమా సీట్లు జీతం పోకుండా చదువుకునే వీలు కల్పిస్తాయి. కుటుంబం, వయసు లెక్కలో ఉన్నవాళ్లకు వీటిలో డిప్లొమాది అన్నిటికన్నా తక్కువ నష్టం. కోటా శాతాలు ఏటా జీవోలతో మారుతుంటాయి కాబట్టి పోయిన ఏటి సమాచారం మీద ఆధారపడకండి.

ఈసారి వచ్చిన సీటు వదిలి మళ్లీ రాయాలా అన్నది చాలామందిని నలిపేసే ప్రశ్న. నచ్చని బ్రాంచి అయితే వదలండి. నచ్చిన బ్రాంచిలో కాలేజీ మాత్రమే నచ్చకపోతే చేరిపోండి. డెర్మటాలజీ చేయాలనుకున్నవారు మైక్రోబయాలజీలో మూడేళ్లు కుదురుగా ఉండలేరు. పీడియాట్రిక్స్ కోరుకున్నవారు చిన్న కాలేజీలో చేరినా, కష్టపడితే మంచి పిల్లల డాక్టరవుతారు.

కౌన్సెలింగ్‌లో చేజారేవి ఇక్కడ

అఖిల భారత కోటా సీట్లు, డీఎన్‌బీ, డీమ్డ్ సీట్లు కేంద్రం తరఫున ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) నింపుతుంది. రాష్ట్ర కోటా, ప్రైవేటు కాలేజీలు రాష్ట్ర యూనివర్సిటీ చూసుకుంటుంది. రెండు చోట్లా విడివిడిగా నమోదు చేసుకోవాలి. ఒకటి చేసి రెండోది మరిచిపోయినవాళ్లు ఏటా ఉంటారు. ఎంసీసీ సెక్యూరిటీ డిపాజిట్ అఖిల భారత కోటాకు జనరల్‌కు 25,000, రిజర్వుడు వర్గాలకు 10,000. డీమ్డ్‌కు 2 లక్షలు. మొదటి రౌండులో వచ్చిన సీటులో చేరకపోయినా నష్టం లేదు. రెండో రౌండు నుంచి డిపాజిట్ పోతుంది. మూడో రౌండులో వచ్చి చేరకపోతే డిపాజిట్‌తో పాటు తరవాతి రౌండ్లకు అర్హతా పోతుంది. కాబట్టి మూడో రౌండు జాబితాలో మీరు నిజంగా చేరే సీట్లు మాత్రమే ఉంచండి. 'వస్తే చూద్దాం' అని పెట్టిన ఆప్షనే ఎక్కువసార్లు వచ్చి మెడకు చుట్టుకుంటుంది.

స్థానికత విషయంలో పాత లెక్కలు నమ్మకండి. పీజీ సీట్లలో నివాసం ఆధారంగా ఇచ్చే రిజర్వేషన్ చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరి 29న తీర్పు చెప్పింది. చదివిన సంస్థకు కొంతమేర ప్రాధాన్యం ఇవ్వడాన్ని మాత్రం అనుమతించింది. దాని ప్రభావం ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో ఎలా రాశారో చూడాలి.

చేరే ముందు బాండ్ కాగితం పూర్తిగా చదవండి. రెండు రకాల బాండ్లుంటాయి: సీటు మధ్యలో వదిలితే కట్టాల్సినది ఒకటి, చదువయ్యాక ప్రభుత్వ సేవ చేయకపోతే కట్టాల్సినది మరొకటి. ఎంత మొత్తం, ఎన్నాళ్లు, సేవా పోస్టింగ్ ఎన్ని నెలల్లో ఇస్తారు, ఆలోపు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉంటాయి అన్నవి చూసుకోండి. సేవ పూర్తికాక సర్టిఫికెట్లు రాక, సూపర్ స్పెషాలిటీ సీటులో చేరలేక ఇరుక్కునేది ఇక్కడే.

ఆప్షన్లు లాక్ చేసే ముందు ప్రతి చోటా కనీసం ఇద్దరు రెసిడెంట్లతో మాట్లాడండి. ఒకరు మొదటి ఏడాది, ఒకరు ఆఖరి ఏడాది. మొదటి ఏడాదివాళ్లను నిద్ర, సెలవు, హాస్టలు, స్టైపెండ్ గురించి అడగండి. ఆఖరి ఏడాదివాళ్లను ఒక్కటే అడగండి: 'రేపు మీ ఊళ్లో ఒంటరిగా ఉంటే ఏ కేసు భయం లేకుండా చేస్తారు, ఏది పైకి పంపిస్తారు?' వెంటనే జవాబు చెప్పగలిగితే ఆ డిపార్ట్‌మెంటు నేర్పుతున్నట్టు. తడబడితే, ఆ సీటును జాబితాలో కిందికి దించండి.